నా ఎడమ కాలు, మా అత్తయ్య నడుము

ఈ భూమ్మీదకి అందరూ తల ముందు పెట్టి వస్తే నేను కాళ్ళు ముందు పెట్టి వచ్చాను. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పాపం, ఆమె పడ్డ బాధ అట్టాంటిది. మా నాయనమ్మ మాత్రం పురిటి గది బయట గంతులేసిందట. ఎందుకంటే మా వైపు ఒక నమ్మకం ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎడమ కాలితో తన్నితే నడుం నొప్పి పోతుంది. మా నాయనమ్మకి ఏళ్ళ తరబడి నడుం నొప్పి. ఆమె లెక్కలో ఆ రోజు ఇంటికి వచ్చింది మనవరాలు కాదు, మందు.

తన్నటం అంటే మరీ ఎగిరి తన్నటం కాదులెండి. నొప్పి ఉన్న మనిషి పొద్దున్నే పరగడుపున వచ్చి చాప మీద బోర్లా పడుకుంటాడు. మనం ఎడమ కాలి మడమ అతని నడుం మీద మూడుసార్లు ఆనించాలి. పెద్దవాళ్ళకి కాలు తగిలించిన పాపానికి తర్వాత వంగి దణ్ణం పెట్టాలి. అంతే వైద్యం. నాకు నడక రాకముందే మా నాయనమ్మ నన్ను చంకనేసుకుని, నా కాలు తన చేత్తో పట్టుకుని, ఊళ్ళోవాళ్ళ నడుముల మీద పోస్టాఫీసు ముద్ర గుద్దినట్టు గుద్దించేదట.

మాది పిడుగురాళ్ల పక్క పల్లె. సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్ళు, క్వారీలో రాయి కొట్టేవాళ్ళు, ఎవర్ని కదిలించినా నడుమే. ఆదివారం పొద్దున మా వసారాలో చాప ఖాళీగా ఉండేది కాదు. గుళ్ళో పూజారి గారిని తన్నాను. చర్చి పాస్టరు గారిని తన్నాను. సర్పంచి పదవికి ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరినీ, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని, ఏ పక్షపాతమూ లేకుండా తన్నాను. మా లెక్కల మాస్టారిని మాత్రం కొంచెం గట్టిగానే తన్నాను, ఎందుకంటే అంతకు ముందు రోజే ఆయన నా అరచేయి వాచేటట్టు బెత్తంతో కొట్టాడు. ఆయన తలకాయ ఎత్తి నావంక అనుమానంగా చూశాడు గానీ, వైద్యం మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి నోరు మూసుకున్నాడు.

తన్నటం అయ్యాక నేను అడిగేదాన్ని, "పోయిందా?" అని. చాప మీద మనిషి లేచి, నడుం అటో విసురు ఇటో విసురు తిప్పి చూసుకుని, "పోయిందమ్మా, చేత్తో తీసేసినట్టు పోయింది" అనేవాడు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పోలేదనలా. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాట వినీ వినీ నాకు నా మీద కొండంత నమ్మకం. డిగ్రీలో ఒక సబ్జెక్టు తప్పితే మా నాన్న మొహం మాడ్చుకున్నాడు గానీ నేను పెద్దగా బాధపడలేదు. సబ్జెక్టు పోతే పోయింది, నా కాలు నాకుంది కదా అనుకున్నా.

ఆ కాలే నాకు పెళ్ళి కూడా చేసిపెట్టింది.

మా అత్తయ్యది నరసరావుపేట వైపు మిరప పండించే ఊరు. పెళ్ళిచూపులకి వచ్చి మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేవలేకపోయింది. దారిలో గుంటలకి నడుం పట్టేసింది. మా నాన్న కంగారుపడి ఇంట్లోకీ బయటకీ తిరుగుతుంటే మా అమ్మ నోరు జారింది. "మా అమ్మాయి ఎదురుకాళ్ళతో పుట్టిందండీ" అనేసింది. అప్పుడు చూడాలి మా అత్తయ్య కళ్ళు! వంట వచ్చా అనలేదు, ఏం చదివావు అనలేదు. "చాప వెయ్యండమ్మా" అంది.

పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, పెళ్ళిచూపుల్లోనే కాబోయే అత్తగారిని తన్నిన ఆడపిల్ల రెండు జిల్లాల్లో నేనొక్కదాన్నే అయుంటాను. తన్ని, దణ్ణం పెట్టి, "పోయిందా అండీ?" అన్నాను. ఆమె లేచి నిలబడి, కుచ్చిళ్ళు సర్దుకుని, "పోయింది. ముహూర్తం పెట్టించండి" అంది. పెళ్ళికొడుకు చేతిలో లడ్డు ఇంకా సగం కూడా కాలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ ఆయన ఆ మాట అని నన్ను ఏడిపిస్తాడు. "నన్ను చేసుకున్నావా, మా అమ్మ నడుముని చేసుకున్నావా?" అంటాడు.

కాపరానికి వచ్చాక ఇక రోజూ అదే పని. వేరే కోడళ్ళు పొద్దున్నే లేచి కాఫీ ఇస్తారు, నేను అత్తగారిని తన్ని కాఫీ ఇచ్చేదాన్ని. మా వీధిలో కోడళ్ళంతా నావంక చూసే చూపులో ఎంత అసూయ ఉండేదో చెప్పలేను. ఒకామె చెవిలో అడిగింది కూడా, "నన్నూ ఎదురుకాళ్ళదాన్నని చెప్పుకోనా అక్కా, మా అత్తకి తెలవదులే" అని.

ఇంత గొప్ప దాన్నా, ఏడో నెల కడుపుతో ఉండగా ఒక పొద్దున మంచం మీద నుంచి లేవబోతే నా నడుం పట్టేసింది.

అయ్య బాబోయ్, నొప్పంటే అట్టా ఉంటుందని నాకేం తెలుసు? ఇన్నేళ్ళూ నేను నడుములని పై నుంచి చూసినదాన్నే గానీ లోపల్నుంచి చూసినదాన్ని కాదు. దానికి తోడు మిరప కోతల రోజులు. కల్లంలో ఎర్రగా కాయ ఆరబోసి ఉంది, గాలి ఇటు తిరిగితే ఊరంతా తుమ్ములే. నడుం పట్టేసిన గర్భిణీ తుమ్మితే ఎట్టా ఉంటుందో పగవాళ్ళకి కూడా చెప్పకూడదు. తుమ్ము వస్తోందంటే చాలు, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని, "ఎవరన్నా రండర్రోయ్" అని కేకలు పెట్టేదాన్ని. మా ఆయన పరిగెత్తుకొచ్చి నా వెనక నిలబడేవాడు. ఆయనొచ్చి ఏం చేస్తాడు? తోడుగా ఆయనా ఒక తుమ్ము తుమ్మేవాడు.

తొలిచూలు పురిటికి పుట్టింటికి పోవాలి నిజానికి. కానీ మా అమ్మకి అప్పుడే మోకాలి ఆపరేషను అయింది. ఆమె కాలుకి ఆమెకే ఆసరా కావాలి, ఇక నన్నేం చూస్తుంది? అత్తగారింట్లోనే ఉండిపోయాను.

టౌన్లో డాక్టరమ్మ చూసి, "బిడ్డ చక్కగా ఉంది, నువ్వూ బాగున్నావు. పొట్ట ముందుకొస్తుంటే నడుం లాగుతుంది, చాలామందికి ఉండేదే. పడుకోమాక, నడువు. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకో. నేను చూపించే వ్యాయామాలు చెయ్యి. కాన్పు మామూలుగానే అవుతుంది" అంది. అన్నిటికీ తలూపాను. ఇంటికొచ్చి మంచమెక్కాను. దిగలేదు.

అసలు దిగులు వేరే ఉంది నాకు. కింద పడ్డ చెంబు కోసం వంగలేని దాన్ని, ఒక బిడ్డని ఎట్టా కంటాను? మా అమ్మ నన్ను కనటానికి పడ్డ అవస్థ చిన్నప్పటి నుంచీ కథలు కథలుగా విన్నదాన్ని. నాలో అంత బలం ఎక్కడుంది? ఉంటే గింటే ఎడమ కాల్లో ఉంది, అది నా నడుముకే అందదు. నా వల్ల కాదు, నా వల్ల కాదు అని లోపల ఒకటే మోత. ఆ మాట పైకి అనటానికి కూడా భయమేసి, పైకి మాత్రం "నడుం నొప్పి" అనేదాన్ని.

నా కాలు నా నడుముకి అందించాలని మేం ప్రయత్నం చెయ్యకపోలేదు. మంచం మీద పక్కకి తిరిగి పడుకుంటే మా ఆయన నా కాలు వెనక్కి మడిచి చూశాడు. పిక్క పట్టేసింది. అంటే ఇప్పుడు రెండు నొప్పులు. అప్పుడు మా అత్తయ్య బుర్రలో ఒకటి వెలిగింది.

"కాలు అందకపోతే పోయె, కాలికుండేది అందుద్ది కదా! ఒరేయ్, దాని ఎడమ కాలి చెప్పు పట్రా" అంది.

నేను వసారాలో స్తంభం పట్టుకుని కొంచెం ముందుకి వంగి నిలబడ్డాను. మా ఆయన నా వెనక చెప్పు పట్టుకుని నిలబడ్డాడు. మా అత్తయ్య పీట మీద కూర్చుని, "ఒకటి! సరిగ్గా ఆనించరా సచ్చినోడా! రెండు!" అని లెక్కపెడుతోంది. నేను "అబ్బా, అమ్మా" అంటున్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు పాల చెంబుతో గేటు తీసింది.

చెంబు అక్కడే పడేసింది. "ఓరి దేవుడో! కడుపుతో ఉన్న పిల్లని చెప్పుచ్చుకుని కొడతన్నార్రో! పక్కన కూర్చుని తల్లి లెక్కపెడతంది రోయ్!" అని వీధిలోకి పరిగెత్తింది. ఆమె నోరు మా ఊళ్ళో మైకు కంటే గట్టిది. మధ్యాహ్నానికల్లా ఆ వార్త పిడుగురాళ్ల చేరింది. సాయంత్రానికి మా నాన్న ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని కారులో దిగాడు. నేను విషయం చెప్పి, చెప్పు చూపించి, ఒట్టేసి నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని ఆయన మంచం మీద కూలబడి, "సరేగానీ అమ్మాయ్, కారులో కుదుపుకి నా నడుం పట్టేసింది. ఒకసారి కాలు ఆనిస్తావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకెవరు ఆనిస్తారు నాన్నా?" అని అరిచాను. అరిస్తే నడుం ఇంకా పట్టేసింది.

ఆ అరుపు కోతలకొచ్చిన ఒకావిడ విన్నట్టుంది. మర్నాడు మా అత్తయ్యతో అంది, దర్శి పక్కన తన పుట్టింటి ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయనా ఎదురుకాళ్ళే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఆయన దగ్గరికే పోతారు అని. ఇంకేం, మా అత్తయ్య ఆ రోజే ప్రయాణం కట్టింది. మా ఆయన ఎవరిదో కారు అడిగి తెచ్చాడు. తెల్లవారుజామునే బయల్దేరాం, పరగడుపున తన్నించుకోవాలి కదా మరి.

నడుం నొప్పి తగ్గించుకోవటానికి ఆ రోడ్డు మీద పోవటమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. గుంట వచ్చినప్పుడల్లా నేను కెవ్వుమనటం, మా అత్తయ్య కెవ్వుమనటం, మా ఆయన ఇద్దరికీ కలిపి "వచ్చేశాం, వచ్చేశాం" అనటం. పత్తి చేలు దాటాం, పొగాకు చేలు దాటాం, ఇంకా వస్తూనే ఉన్నాం. కడుపులో బిడ్డ మాత్రం హాయిగా ఉంది. వెనక్కి తిరిగి సరిగ్గా నా నడుం మీదే ధనాధనా తంతోంది. "నువ్వు తంతే పోదే తల్లీ, నువ్వింకా పుట్టలేదు" అని చెప్పాను దానికి.

పెద్దాయన ఇల్లు కనుక్కుని పొయ్యేసరికి ఆయన వసారాలో నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన భార్య మమ్మల్ని చూసి, "ఎందుకొచ్చారమ్మా?" అంది. సంగతి చెప్పాం. ఆవిడ బుగ్గన వేలేసుకుంది.

"ఇంకెక్కడి తన్నులమ్మా? ఆయన మంచం మీద నుంచి లేచి ఎన్నాళ్ళయిందనీ! నడుం పట్టేసింది."

మంచం మీద నుంచి పెద్దాయన నీరసంగా అన్నాడు, "ఎన్ని ఊళ్ళ నడుములు తన్నానో తల్లీ. నా నడుం తన్నే నాథుడు లేడు."

"ఎందుకు లేడు? ఇదుగో!" అంది మా అత్తయ్య నా రెక్క పట్టుకుని ముందుకి తోసి. "మా కోడలూ ఎదురుకాళ్ళే!"

పెద్దాయన మొహం వెలిగిపోయింది. చెయ్యెత్తి నాకు దణ్ణం పెట్టాడు. అక్కడే అసలు తగువు మొదలైంది. ముందు ఎవరు ఎవర్ని తన్నాలి? నేను పరగడుపున వచ్చినదాన్ని కాబట్టి ముందు నన్నే అంది మా అత్తయ్య. "ఆయన లేస్తేగా తన్నేది?" అంది ఆయన భార్య. ఒక ఎదురుకాళ్ళ మనిషిని ఇంకో ఎదురుకాళ్ళ మనిషి తన్నితే ఇద్దరి శక్తీ పోతుందేమోనని మా ఆయనకో అనుమానం. "నువ్వు నోర్ముయ్" అన్నారు ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి.

చివరికి పెద్దాయన్ని నలుగురం కలిసి బోర్లా తిప్పాం. మా ఆయన నా ఒక రెక్క, మా అత్తయ్య ఇంకో రెక్క పట్టుకుంటే, నేను నా పొట్టని మోసుకుంటూ ఎడమ కాలు ఎత్తి, మూడుసార్లు ఆనించాను. వంగి దణ్ణం పెట్టటం కుదరక నిలబడే పెట్టాను. "పోయిందా అండీ?" అన్నాను.

ఆయన మంచం పట్టె పట్టుకుని మెల్లిగా లేచి కూర్చున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు! "పోయింది తల్లీ. చేత్తో తీసేసినట్టు పోయింది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. నా కాలు నాకుంది అనుకున్నా, చాలా రోజుల తర్వాత.

ఇక నా వంతు. కడుపుతో ఉన్న ఆడపిల్ల మహాలక్ష్మితో సమానం, కాలు ఎట్టా తగిలిస్తానమ్మా అని ఆయన చాలాసేపు గింజుకున్నాడు. నేను వసారా స్తంభం పట్టుకుని నిలబడితే, ఆయన ముందే దణ్ణం పెట్టేసుకుని, కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని బొటనవేలి కొసతో మూడుసార్లు తాకీ తాకనట్టు తాకించాడు. కళ్ళు తెరిచి, "పోయిందా తల్లీ?" అని అడిగాడు.

ఆయన నుదుటి మీద చెమటలు పోస్తున్నాయి. ఆ కళ్ళల్లో ఆశ చూశాక ఏమనగలను? "పోయిందండీ. చేత్తో తీసేసినట్టు పోయింది" అన్నాను.

పోలేదు. ఇసుమంత కూడా పోలేదు.

ఆవిడ పెట్టిన పెరుగన్నం తిని కారెక్కాం. కారు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. పెద్దాయన్ని ఆవిడ రెండు చేతులా పట్టుకుని మళ్ళీ మంచం మీదకి దించుతోంది. ఆయన నోరు తెరిచి మూలగటం అంత దూరం నుంచి కూడా కనపడింది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయనకీ పోలేదు. నాకు మర్యాద చేశాడు, నేను ఆయనకి మర్యాద చేశాను. మరి పూజారి గారో? పాస్టరు గారో? ఆ సర్పంచులిద్దరో? పాపం లెక్కల మాస్టారు, అంత గట్టిగా తన్నించుకుని కూడా పోయిందమ్మా అన్నాడే! ఊళ్ళకి ఊళ్ళు నా మొహం చూసి అబద్ధం చెప్పినట్టున్నాయి. భోరున ఏడ్చేశాను.

"ఏడవమాకే, నడుం నొప్పెడుతోందా?" అన్నాడు మా ఆయన.

"నడుం కాదు, నా బతుకు!" అన్నాను. ఆయనకేం అర్థం కాక వైపర్లు వేశాడు. ఎండ కాస్తోంది బయట.

ఇంటికి చేరాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున మా అత్తయ్య కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఎర్రకాయల్లో తెల్లబడ్డవి ఏరి పక్కన పోయాలి, లేకపోతే రేటు రాదు. నేను గోడలు పట్టుకుంటూ పొయ్యి ఆమె ముందు నిలబడ్డాను.

"అత్తయ్యా, నిజం చెప్పండి. పెళ్ళిచూపుల్లో మీ నడుం నొప్పి పోయిందా?"

"పోయింది."

"నా కడుపులో బిడ్డ మీద ఒట్టేసి చెప్పండి."

ఆమె చేతిలో కాయ కింద పడింది. "కడుపుతో ఉండి అట్టాంటి ఒట్లు పెట్టమాకే!"

"చెప్పండి మరి."

"పోలా" అంది తల దించుకుని.

"తర్వాత?"

"తర్వాతా పోలా."

"ఇన్నాళ్ళలో ఒక్క రోజన్నా పోయిందా?"

"ఒక రోజు పోయింది" అని కాసేపు ఆలోచించి, "ఆ రోజు బిళ్ళ వేసుకున్నా" అంది.

నాకు కోపం నషాళానికంటి అరవబోయాను. అరుపు వచ్చే లోపల తుమ్ము వచ్చింది. ఆమె గబుక్కున లేచి వచ్చి నన్ను వెనక నుంచి పట్టుకుంది. తుమ్ము అయ్యాక అక్కడే నిలబడి అరిచాను. "మరి రోజూ చాప వేసుకుని ఎందుకు పడుకున్నారు? పోయింది పోయింది అని నన్నెందుకు పిచ్చిదాన్ని చేశారు?"

"ఏమనమంటావే?" అంది ఆమె కూడా గొంతు పెంచి. "నీళ్ళు పెట్టావా, కూడొండావా అని మీ మామయ్య బతికున్నన్నాళ్ళూ అడిగాడు. నీ నడుం ఎట్టా ఉందని ఒక్కనాడు అడగలా. నీ మొగుడికి అసలు నాకు నడుం ఉందనే తెలవదు. నువ్వేమో పొద్దున్నే లేవగానే 'పోయిందా అత్తయ్యా?' అంటావు. పోలేదని నీ మొహం మీద ఎట్టా అనేది?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపొచ్చింది మళ్ళీ. "అయితే నా కాల్లో ఏం లేదు. నాలో ఏం లేదు. ఈ బిడ్డని నేను కనలేను అత్తయ్యా. నా వల్ల కాదు" అనేశాను. ఇన్నాళ్ళు దాచిన మాట బయటికొచ్చేసింది.

ఆమె నావంక ఎగాదిగా చూసింది. "నీ కాల్లో ఏముందో ఆ దేవుడికి తెలవాలి. నాకు నొప్పి పోలా గానీ, నేను లేవని రోజు ఉందా? చెప్పు. పేడ తీశా, పొలం పోయా, కాయ కోశా. నొప్పి పోయాక లేద్దామంటే ఈ ఊళ్ళో ఏ ఆడది లేస్తదే? చాల్లే సంబడం, కూర్చో. తాలుకాయలు ఏరు. ఒకే చోట నిలబడితే ఇంకా పట్టేస్తది."

కూర్చున్నాను, ఏరాను. లేచేటప్పుడు నొప్పెట్టింది, అయినా లేచాను. ఆమె పట్టుకోలేదు, పక్కన నిలబడి చూసింది అంతే.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ చూపించిన వ్యాయామాలు మొదలుపెట్టాను. మళ్ళీ చూపించుకోవటానికి పోయినప్పుడు ఆమెకి దర్శి సంగతి చెబితే తల పట్టుకుని, "నడుం మీద ఎవరి కాలూ పెట్టనివ్వద్దు, వాళ్ళు ఎటు నుంచి పుట్టినా సరే" అంది. వ్యాయామాల్లో ఒకటి నాకు బాగా కుదిరింది. రెండు చేతులూ మోకాళ్ళూ కింద ఆనించి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు పైకి ఎత్తి దించాలి. చాప అదే, మా అత్తయ్య రోజూ తన్నించుకున్న చాపే. మొదటి రోజు మా అత్తయ్య పీట మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. రెండో రోజు పక్కన దిగింది. కోతలకొచ్చినవాళ్ళు గేటు దగ్గర ఆగి, "బిడ్డ పుట్టకముందే అత్తాకోడళ్ళిద్దరూ అంబాడతన్నారేందమ్మా?" అని ఒకటే నవ్వు. పక్కింటి పిన్నిగారు కూడా వచ్చి చూసి, ఈసారి వీధిలోకి పరిగెత్తకుండా, చీర దోపుకుని తనూ అంబాడింది.

తమాషా ఏంటంటే, నా వ్యాయామాలకి మా అత్తయ్య నడుం నొప్పి తగ్గటం మొదలైంది. నాది పూర్తిగా తగ్గలేదు. కానీ పొద్దున్నే కల్లం చుట్టూ నడిచేదాన్ని. పడ్డ చెంబు వంగి తీసుకోగలిగాను. తీసుకున్న రోజు మా ఆయన్ని పిలిచి మళ్ళీ పడేసి మళ్ళీ తీసి చూపించాను. ఆయన చప్పట్లు కొట్టాడు, నిజం చెప్పొద్దూ, నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా అంత గర్వంగా లేదు.

నెలలు నిండాక ఒక పొద్దున నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో పక్కన ఒక మనిషి ఉండొచ్చన్నారు. మా ఆయన ముందుకొచ్చాడు గానీ ఆయన మొహం చూసి నర్సే వద్దంది. మా అత్తయ్య వచ్చింది.

నాకు నొప్పి అంతా నడుములోనే. ఇంతకు ముందు పడ్డదంతా దీని ముందు ఎందుకూ కొరగాదు. ఎంత సేపయిందో తెలియదు, ఎండ కిటికీలో నుంచి మంచం మీదకి వచ్చింది. నర్సు "ఇంకొంచెం తొయ్యమ్మా, తల కనపడుతోంది" అంటోంది. నా కాళ్ళు జారిపోతున్నాయి, దేనికీ ఆనటం లేదు. ఒంట్లో శక్తి అంతా అయిపోయింది. "నా వల్ల కాదు అత్తయ్యా" అన్నాను.

మా అత్తయ్య ఒక్క క్షణం నావంక చూసింది. మంచం చివరికి వచ్చి, అటు తిరిగి, కొంగు బిగించి, నా ఎడమ కాలు తీసి తన నడుముకి ఆనించుకుంది.

"తన్నవే!" అంది.

"ఏంటండీ ఇది, పక్కకి జరగండి!" అని అరిచింది నర్సు.

"నువ్వుండమ్మా, ఇది మా ఇంట్లో రోజూ ఉండేదే" అని, నావైపు మెడ తిప్పి, "పెళ్ళిచూపుల్లో సిగ్గు లేదు, ఇవ్వాళ సిగ్గేంది? తన్ను! నేనెక్కడికీ పోను, తన్ను!" అంది.

తన్నాను. పుట్టిన దగ్గర్నుంచీ అందరి నడుముల మీదా ఆనించటమే గానీ, లెక్కల మాస్టారిని పక్కన పెడితే నేను తన్నింది లేదు. ఆ రోజు తన్నాను. ఉన్న బలమంతా, లేదనుకున్న బలమంతా ఆ కాల్లోకి తెచ్చి తన్నాను. ఆమె మంచం కమ్మీ పట్టుకుని కొండలా నిలబడింది.

బిడ్డ ఏడుపు వినపడింది. ఆడపిల్ల, తల ముందు పెట్టే వచ్చింది.

నేను వెనక్కి వాలిపోయి, ఊపిరి కూడా సరిగ్గా అందకుండానే, అలవాటు చొప్పున అడిగాను. "అత్తయ్యా... పోయిందా?"

మా అత్తయ్య ఒక చేత్తో మంచం కమ్మీ, రెండో చేత్తో నడుం పట్టుకుని, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతుండగా నావంక తిరిగింది.

"పోవటమేందే నీ మొహం! ఇరిగింది!" అంది.

అడగ్గానే ఆమె నిజం చెప్పటం అదే మొదటిసారి. నర్సు బిడ్డని తెచ్చి నా గుండెల మీద పడుకోబెట్టింది. నేను నవ్వుతున్నాను. నవ్వితే నడుం నొప్పెడుతోంది, అయినా నవ్వుతున్నాను.